కీలెరిగి వాత: పికప్ ట్రక్కు హిచ్, తుప్పు నివారణ

ఉప్పు తిన్న మనిషికి విశ్వాసం ఉంటుందని తెలుగువారి నమ్మిక. ఉప్పు తిన్న ఇనుముకు మాత్రం ఆ గుణం లేదు. అమెరికాలో మహాసరస్సుల చుట్టూ ఉన్న మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వంటి రాష్ట్రాలలో పది చలికాలాలు గడిపిన పికప్ ట్రక్కు కిందికి దూరి చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. పైన రంగు అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. అడుగున చట్రం మీద మాత్రం తుప్పు పొరలు పొరలుగా లేచి, గోటితో గీకితే రాలుతూ ఉంటుంది.

ఆ చట్రం చివర, వెనుక బంపరు కింద, బోల్టులతో బిగించి ఉండే ఇనుప దూలమే ట్రెయిలర్ హిచ్. చేపల వేటకు పడవను లాగినా, ఇల్లు మారేటప్పుడు సామాను లాగినా, ఉగాది వేడుకకు వేదిక సామగ్రిని లాగినా ట్రెయిలరు లాగుడు మొత్తం పడేది దాని మీదనే. చట్రం మరమ్మతుకో, బంపరు మార్పిడికో, పెట్రోలు ట్యాంకు బాగుచేయించడానికో ఈ హిచ్‌ను ఊడదీసి మళ్ళీ బిగించవలసిన సందర్భాలు వస్తుంటాయి. నాలుగు బోల్టుల పనే కదా అనిపిస్తుంది. నిజానికి ఆ ఇనుము ఆరోగ్యాన్ని పరీక్షించడానికి దొరికే అరుదైన అవకాశం అదే. ఎందువల్లనంటే, ప్రమాదం తెచ్చే తుప్పు కంటికి కనిపించే చోట కాక, హిచ్ పలకకూ చట్రానికీ నడుమ, వెలుతురు సోకని సందులో దాగి ఉంటుంది.

ఇనుము పుట్టింటి దారి

భూమిలో ఇనుము దొరికేది శుద్ధలోహంగా కాదు, ఆక్సిజన్‌తో కలిసిన ఖనిజంగా. మానవుడు కొలిమిలో ఎంతో శక్తి వెచ్చించి ఆ ఆక్సిజన్‌ను విడదీసి లోహాన్ని రాబడతాడు. అవకాశం దొరికిన మరుక్షణం ఇనుము మళ్ళీ ఆక్సిజన్‌తో కలిసి తన పూర్వస్థితికి పోవాలని చూస్తుంది. తుప్పు పట్టడమంటే ఇనుము పుట్టింటికి ప్రయాణం కట్టడమే.

ఈ ప్రయాణం ఒక చిన్న విద్యుత్ ఘటం రూపంలో సాగుతుంది. తడిసిన ఇనుప పలక మీద ఒకచోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రానులను వదిలి నీటిలోకి జారిపోతాయి. ఆ చోటును ఆనోడు అంటారు. వదిలిన ఎలక్ట్రానులు లోహం గుండా మరొక చోటికి ప్రవహించి, అక్కడ నీటినీ, అందులో కరిగిన ఆక్సిజన్‌నూ హైడ్రాక్సైడుగా మారుస్తాయి. ఆ చోటు కాథోడు. ఈ రెండింటి నుండి వచ్చిన అయానులు కలుసుకున్నచోట, మరికొంత ఆక్సిజన్ చేరి, ఎర్రని తుప్పు ఏర్పడుతుంది. కనుక నీరు, ఆక్సిజన్ రెండూ ఉంటేనే తుప్పు. ఉప్పు చేసే పని ఏమిటంటే నీటిలో విద్యుత్తు సులభంగా పారేలా చేయడం. అంతేకాక ఉప్పులోని క్లోరైడు అయానులు ఇనుము తనకు తాను కప్పుకునే పలుచని రక్షకపొరను ఛేదిస్తాయి.

ఇక్కడ ఒక వింత ఉంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన యూలిక్ ఎవాన్స్ 1920లలో ఇనుప పలక మీద ఉప్పునీటి బొట్టును ఉంచి పరిశీలించాడు. గాలి బాగా తగిలే బొట్టు అంచున ఇనుము ఎక్కువగా తినబడుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది అందుకు విరుద్ధం. ఆక్సిజన్ పుష్కలంగా అందే అంచు కాథోడు అయింది. ఆక్సిజన్ కొరవడిన నడిమి భాగం ఆనోడు అయి గుంటపడింది. ఊపిరాడని చోటే ఇనుము కరిగిపోయింది.

హిచ్ కథంతా ఈ బొట్టులోనే ఉంది. హిచ్ పలకకూ చట్రానికీ నడుమ ఉన్న సన్నని సందులోకి ఉప్పునీరు పాకుతుంది, కాని గాలి ఆడదు. బయటి ఇనుము కాథోడుగా కులాసాగా ఉండగా, లోపలి ఇనుము ఆనోడుగా బలి అవుతుంది. పైపైన రంగు వేసి తృప్తిపడిన యజమాని ఆ బొట్టు అంచును మాత్రమే చూస్తున్నాడన్నమాట.

రోడ్ల మీద చల్లేది వంట ఉప్పు ఒక్కటే కాదు. చలి మరీ ఎక్కువైనచోట మెగ్నీషియం క్లోరైడును, కాల్షియం క్లోరైడును కూడా వాడతారు. వంట ఉప్పు గాలిలోని తేమను పీల్చి ద్రవంగా మారాలంటే ఆ గాలిలో తేమ 75 శాతానికి చేరాలి. మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. అంటే ఆకాశం నిర్మలంగా ఉండి, రోడ్డు ఎండిపోయి కనిపించిన రోజున కూడా ట్రక్కు సందులలోని ఉప్పు తడిగానే ఉంటుంది. రాత్రి వెచ్చని గరాజులో నిలిపితే రసాయన చర్య మరింత వేగంగా సాగుతుంది. బండికి చలి తగలకూడదని చేసిన ఉపచారం ఇనుముకు అపచారమవుతుంది.

తుప్పుకూ బలం ఉంది

తుప్పు అంటే లోహం తగ్గిపోవడం మాత్రమే అనుకోవడం పొరపాటు. తుప్పుగా మారిన ఇనుము, పూర్వం తాను ఆక్రమించిన స్థలానికి రెండు మొదలు ఆరు రెట్ల వరకు స్థలం కోరుతుంది. రెండు పలకల నడుమ చిక్కిన తుప్పు ఉబ్బుతూ వాటిని విడదీస్తుంది. రాతిపగులులో మొలిచిన రావిచెట్టు వేరు గోడను చీల్చినట్లే ఇది కూడా.

ఈ బలం ఎంతటిదో 1983 జూన్ 28 తెల్లవారుజామున కనెక్టికట్ రాష్ట్రంలో తేటతెల్లమైంది. గ్రెనిచ్ వద్ద మయానస్ నది మీద 95వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి వంతెనలో 100 అడుగుల భాగం విరిగి నదిలో పడిపోయింది. ముగ్గురు మరణించారు. ఆ భాగాన్ని మోస్తున్నవి ఉక్కు పిన్నులు, వాటికి తగిలించిన హ్యాంగర్లు. కొన్నేళ్ళ క్రితం రోడ్డు వేసేటప్పుడు వంతెన మీది నీరు పోయే తూములను కప్పివేశారు. దానితో నీరు కీళ్ళ మీదుగా కారసాగింది. పిన్ను చుట్టూ పేరుకున్న తుప్పు ఉబ్బి, హ్యాంగరును కొంచెం కొంచెంగా పక్కకు నెట్టి, చివరకు పిన్ను మీద నుండి తప్పించింది. వంతెన పైన ప్రయాణించిన వేలాది వాహనదారులలో ఒక్కరికైనా ఆ కీలు కనిపించే అవకాశం లేదు.

హిచ్ వంతెన కాకపోవచ్చు. సూత్రం మాత్రం ఒకటే. 5,000 పౌన్ల ట్రెయిలరు గంటకు 65 మైళ్ళ వేగంలో బండి నుండి విడిపోతే, అది ఎదురు దారిలో వచ్చే మరొక కుటుంబం పాలిట బ్రేకులు లేని బండి అవుతుంది.

ఊడదీయడం

పని మొదలుపెట్టే ముందు ట్రక్కును చదునైన గట్టి నేల మీద నిలిపి, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనుక భాగాన్ని స్టాండ్ల మీద నిలపాలి. కేవలం జాకీని నమ్మి బండి కింద పడుకోరాదు. అడుగున వేలాడే స్పేరు చక్రాన్ని దించితే చోటు దొరుకుతుంది. హిచ్ బరువైన వస్తువు కనుక, చివరి బోల్టు తీయడానికి ముందే దాని కింద మరొక జాకీని ఆనించి ఉంచాలి. విద్యుత్ దీపాల తీగలను విడదీయడం మరువరాదు.

ఏళ్ళ తరబడి తుప్పుపట్టిన బోల్టు ఒక్క పట్టుకు రాదు. బయటికి కనిపించే మర గాట్లను ఇనుప తీగల బ్రష్షుతో శుభ్రం చేసి, సందులలోకి పాకే పలుచని నూనెను ముందు రాత్రే చల్లి నానబెట్టాలి. మరునాడు మళ్ళీ చల్లి, పొడవైన కాడ గల పానాతో కొద్దిగా వదులు చేసి, కొద్దిగా బిగించి, మళ్ళీ వదులు చేయాలి. తొందరపడితే బోల్టు తల తెగి చేతికి వస్తుంది. మంటతో వేడిచేయడం మెకానిక్కులు వాడే ఉపాయమే కాని, పక్కనే పెట్రోలు ట్యాంకు, ఇంధన గొట్టాలు ఉన్నచోట ఇంటి దగ్గర దానికి పూనుకోకపోవడం శ్రేయస్కరం.

హిచ్ కిందికి దిగాక, ఇంతకాలం దాగిన చట్రం భాగం కళ్ళెదుటికి వస్తుంది. ఇదే అసలు పరీక్ష. పొరలుగా లేచిన తుప్పును గీకివేసి, చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమని మోగుతుంది. కుళ్ళిన ఇనుము బొద్దుగా శబ్దం చేస్తుంది. స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిస్తే లోపలికి దిగినా, బోల్టు రంధ్రాలు సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చినా, పలక అంచులు కత్తిలా పలుచబడినా పనిని అక్కడితో ఆపివేయాలి. అటువంటి చట్రానికి కొత్త బోల్టులు బిగించడం పుచ్చిన దూలానికి మేకు కొట్టడమే. చట్రాన్ని బాగుచేయగల నిపుణుడికి చూపించాలి, లేదా ఆ బండితో ట్రెయిలరు లాగడం మానుకోవాలి. ఈ నిర్ణయం ఎంత కఠినమైనా, హిచ్ ఊడదీసినందుకు దక్కే మొదటి ఫలం ఇదే.

చట్రాలు కుళ్ళడం అరుదైన సంగతి కాదు. కొన్ని టకోమా, టండ్రా పికప్పుల చట్రాల తుప్పు గురించి వచ్చిన వ్యాజ్యంలో టయోటా సంస్థ 2016లో, 340 కోట్ల డాలర్ల వరకు ఖర్చు కాగలదని అంచనా వేసిన ఒప్పందానికి అంగీకరించింది.

కలంకారీ నలుపు, ఢిల్లీ స్తంభం

చట్రం గట్టిగా ఉంటే తరువాతి పని శుభ్రం చేయడం. మొదట ఉప్పును నీటితో కడిగి ఆరనివ్వాలి. ఉప్పు మిగిలి ఉండగా వేసిన పూత, చీమును కడగకుండా పుండుకు కట్టుకట్టడం వంటిది. తరువాత తీగల బ్రష్షు, ఎమెరీ కాగితం ఉపయోగించి వదులుగా ఉన్న తుప్పునంతా తీయాలి. కంటికి అద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

గుంటలలో మిగిలిన తుప్పును నిశ్చేష్టం చేయడానికి బజారులో ద్రావణాలు దొరుకుతాయి. వీటిలో ప్రధానమైనవి రెండు రకాలు. టానిక్ ఆమ్లం కలవి ఒక రకం. ఇవి తుప్పును నల్లని ఐరన్ టానేట్‌గా మారుస్తాయి. తెలుగువారికి ఈ రసాయనం కొత్త కాదు. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయ రసంలో తడిపిన బట్ట మీద, ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టిన ద్రవంతో గీత గీసినప్పుడు ఏర్పడే నలుపు కూడా ఈ కోవలోనిదే. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి బట్టకు పట్టుకుంటుంది.

ఫాస్ఫారిక్ ఆమ్లం కలవి రెండవ రకం. ఇవి తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తాయి. ఢిల్లీలోని మెహ్రౌలీ ఇనుప స్తంభం సుమారు 1,600 సంవత్సరాలుగా నిలిచి ఉండటానికి కారణాన్ని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం శోధించారు. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువగా ఉండటం వల్ల, కాలక్రమేణ దాని ఉపరితలం మీద పలుచని ఫాస్ఫేటు పొర ఏర్పడి కాపాడుతున్నదని తేల్చారు. నాటి లోహకారుల ఇనుము తనంత తాను కప్పుకున్న కవచాన్నే నేటివారు సీసాలో కొని పూస్తున్నారు. అయితే ఒక హెచ్చరిక. అధిక బలం గల బోల్టులను ఆమ్లంలో నానబెట్టరాదు. ఆమ్లచర్యలో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దానిని పెళుసుబరుస్తుంది. పాత బోల్టులను బాగుచేసే ఆలోచన మాని, కొత్తవి కొనడమే క్షేమం.

ఆ తరువాత వేయవలసినది జింకు, అంటే తుత్తునాగం, సమృద్ధిగా కలిసిన ప్రైమరు. ఒక లోహాన్ని కాపాడటానికి మరొక లోహాన్ని బలిపెట్టవచ్చునని హంఫ్రీ డేవీ 1824లో బ్రిటిష్ ఓడల రాగిరేకుల విషయంలో నిరూపించాడు. ఇనుముకు జింకు పూత పూసే పద్ధతికి 1837లో ఫ్రాన్సులో స్టానిస్లాస్ సోరెల్ పేటెంటు పొందాడు. జింకు ఇనుముకంటే సులభంగా ఎలక్ట్రానులను వదులుతుంది. కనుక పూత మీద గీత పడినా ముందుగా జింకు కరిగి ఇనుమును నిలుపుతుంది. దానిపై ఎపాక్సీ రంగు వేస్తే నీరు చొరబడదు.

హిచ్, చట్రం ఒకదానికొకటి ఆనుకునే ముఖాలకు మాత్రం దళసరి పూత పనికిరాదు. పలుచని ప్రైమరు ఒక్కటే వేసి పూర్తిగా ఆరనివ్వాలి. మెత్తని రంగుపొర బోల్టు ఒత్తిడికి కాలక్రమేణ నలిగి పలుచబడుతుంది. అంత మేరకు బోల్టు బిగువు తగ్గుతుంది.

బిగింపు లెక్క

బోల్టు ఒక మేకులా అడ్డంగా నిలిచి ట్రెయిలరును ఆపుతున్నదని చాలామంది భావన. సరిగా బిగించిన హిచ్‌లో జరిగేది వేరు. బిగించినకొద్దీ బోల్టు గట్టి స్ప్రింగులా సూక్ష్మంగా సాగుతుంది. మళ్ళీ కుంచించుకుపోవాలని చూస్తూ రెండు పలకలను నొక్కి పట్టుకుంటుంది. ఆ నొక్కుడు వల్ల కలిగే ఘర్షణే హిచ్‌ను కదలనివ్వదు.

ఒక ఉదాహరణ చూద్దాం. అర అంగుళం మందం గల గ్రేడ్ 5 బోల్టును పొడిగా ఉన్నప్పుడు 75 అడుగు-పౌన్ల టార్క్‌తో బిగిస్తే సుమారు 9,000 పౌన్ల నొక్కుడు పుడుతుంది. అటువంటివి నాలుగు ఉంటే 36,000 పౌన్లు. ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే పలకలు జారకుండా ఆపే బలం 7,200 పౌన్లు. ఇదంతా పలకలు గట్టిగా, సమంగా ఆనుకున్నప్పటి లెక్క. నడుమ వదులు తుప్పు ఉంటే అది పొడిపొడిగా రాలిపోతుంది, బోల్టు తన సాగుడును కోల్పోతుంది, ఘర్షణ మాయమవుతుంది. ఆ తరువాత కుదుపు కుదుపుకూ హిచ్ కదులుతూ బోల్టును అటూ ఇటూ వంచుతుంది. లోహం అలసి విరిగేది అప్పుడే.

మరొక ఉరవడి కూడా తగదు. మరలకు గ్రీజు పూస్తే మళ్ళీ తుప్పు పట్టదన్న సదుద్దేశంతో పూసి, అదే 75 అడుగు-పౌన్లకు బిగించారనుకుందాం. పానా మీద పెట్టిన శ్రమలో పదోవంతు మాత్రమే బోల్టును సాగదీస్తుంది. మిగిలినదంతా ఘర్షణకే పోతుంది. గ్రీజుతో ఘర్షణ తగ్గినందువల్ల అదే టార్క్‌కు నొక్కుడు సుమారు 12,000 పౌన్లకు చేరుతుంది. ఆ బోల్టు శాశ్వతంగా సాగిపోకుండా భరించగల హద్దు దాదాపు అంతే. అందువల్ల హిచ్ తయారీదారు ఇచ్చిన టార్క్ సంఖ్య పొడి మరలకా, నూనె పూసిన మరలకా అన్నది చూసి, ఆ ప్రకారమే నడచుకోవాలి. తుప్పునుండి కాపాడే మైనపు పూతను బిగింపు పూర్తి అయ్యాక బయటినుండి వేయవచ్చు.

బోల్టు తల మీది గుర్తులు దాని జాతకం చెబుతాయి. మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరుంటే గ్రేడ్ 8. మెట్రిక్ బోల్టుల మీద 8.8, 10.9 అని అంకెలే ఉంటాయి. పాతదానికి తగ్గని గ్రేడునే కొనాలి. తుప్పు పట్టదు కదా అని స్టెయిన్‌లెస్ బోల్టు వాడటం తగదు. సాధారణ స్టెయిన్‌లెస్ బోల్టు బలం గ్రేడ్ 8 బలంలో సుమారు సగమే.

పెట్టెవంటి చట్రం లోపలికి బోల్టును పంపడం కొందరిని కలవరపెడుతుంది. చుట్ట తిప్పిన సన్నని తీగను రంధ్రంలోంచి లోపలికి తోసి, పక్కనున్న పెద్ద కంత గుండా బయటికి లాగి, దాని కొసకు వాషరును, బోల్టును తగిలించి వెనక్కు లాగితే బోల్టు తన రంధ్రంలోకి వచ్చి నిలుస్తుంది. అన్ని బోల్టులనూ ముందు చేతితో ఎక్కించి, హిచ్‌ను నడిమధ్యకు సరిచేసి, ఆ తరువాతనే టార్క్ రెంచితో విడతలు విడతలుగా బిగించాలి. 50 నుండి 100 మైళ్ళు నడిచాక మళ్ళీ ఒకసారి టార్క్ సరిచూడాలి. పలకలు సర్దుకున్నందువల్ల కొంత బిగువు సడలడం సహజం.

ఏటేటా చేయవలసినవి

చలికాలం ముగిసి చివరి ఉప్పు చల్లడం అయ్యాక, చట్రం అడుగునూ లోపలినీ ధారాళంగా కడగాలి. శరదృతువులో మళ్ళీ చలి రాకముందే సందులలో మైనపు పూతనో, గొర్రె ఉన్ని నుండి తీసే లానొలిన్ పూతనో చల్లాలి. రబ్బరు వంటి దళసరి పూత ఎక్కడైనా చిట్లితే నీటిని లోపలే బంధిస్తుంది. చట్రంలో నీరు పోవడానికి ఉంచిన రంధ్రాలను ఏ పూతతోనూ మూయరాదు. మయానస్ వంతెన తూములను ఇక్కడ తలచుకోవాలి.

ట్రెయిలరు లాగని రోజులలో హిచ్ గొట్టంలోంచి బాల్ మౌంటును తీసివేసి, గొట్టం నోటికి మూత పెట్టాలి. చలికాలమంతా అక్కడే వదిలివేస్తే వసంతంలో సుత్తితో కొట్టినా అది రాదు. ప్రయాణానికి బయలుదేరే ముందు ట్రెయిలరు మొత్తం బరువులో 10 నుండి 15 శాతం హిచ్ మీద పడేటట్లు సామాను సర్దాలి. భద్రతా గొలుసులను ట్రెయిలరు ముక్కు కింద ఒకదానిమీదుగా ఒకటి అడ్డంగా తగిలించాలి. ఒకవేళ కీలు తప్పినా, ముక్కు రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయలలో నిలుస్తుంది.

కీలెరిగి వాత పెట్టమన్నారు మన పెద్దలు. నొప్పి ఉన్నది కీలులోనైతే చర్మమంతా కాల్చి ప్రయోజనం లేదని దాని భావం. పికప్ ట్రక్కుకు ఆ కీలు హిచ్, చట్రం కలిసే నాలుగు అంగుళాల చోటు. మెరిసే తలుపులకు వారం వారం మైనం రుద్దే చేయి, ఏడాదికి ఒక్కసారి దీపం పట్టుకుని ఆ చోటును చూస్తే చాలు. వెనుక వచ్చే ట్రెయిలరు వెనుకనే వస్తుంది.